పిల్లల ఆట పెద్దలు ఆడొచ్చా, ఫ్రీ ఆటకు పైసలు ఎందుకు పోతున్నాయి?

ప్రశ్న: మాది జడ్చర్ల. వయసు 41, ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. ఏడాదిగా ఫోన్‌లో హే డే అనే పొలం ఆట ఆడుతున్నాను. మావారు "పోరగాళ్ల ఆట నీకెందుకు" అంటారు. ఫ్రీ ఆటే కానీ నెలకు రెండు మూడుసార్లు రూ.89 పెట్టి ఏదో ఒకటి కొంటూనే ఉన్నాను. ఇది కూడా రమ్మీ లాంటిదేనా? పైసా పెట్టకుండా ఆడలేమా? మా అమ్మాయి కూడా ఇదే ఫోన్ పట్టుకుంటుంది. ఇప్పుడు బార్న్ (ఆటలో సరుకు దాచే గోదాం) నిండిపోయింది, పెద్దది చేయడానికి డైమండ్లు (ఆటలో డబ్బులా వాడేవి) కొనమంటోంది. కొనాలా?

జవాబు:

మేడం, బార్న్ సంగతి చివర్లో చెప్తాను. మీరు అడిగిన వాటిలో అదే తేలిక.

నాకు నల్గొండ క్లాక్ టవర్ దగ్గర మొబైల్ సర్వీస్ షాపు ఉంది. డిస్‌ప్లే పగిలిందని వచ్చేవాళ్లే కాదు, "అన్నా, అకౌంట్ల పైసలు కట్ అయినయి, ఏందో జర చూడు" అని వచ్చేవాళ్లు కూడా ఉంటారు. హిస్టరీ తీసి చూస్తే చాలాసార్లు తేలేది ఆటల ఖర్చే. హే డే నేను కూడా చాన్నాళ్లుగా ఆడుతున్నాను, ఒక నైబర్‌హుడ్‌కి, అంటే ఆటలో కలిసి ఆడే జట్టుకు, లీడర్‌ని. మా దాంట్లో మిర్యాలగూడ రైస్ మిల్లు గుమస్తా ఉన్నాడు, వనపర్తి నుంచి దుబాయ్ పోయిన డ్రైవర్ ఉన్నాడు, రిటైరైన హెడ్మాస్టర్ గారు ఉన్నారు, ఇంటి పని అయ్యాక రాత్రి తొమ్మిదికి వచ్చే అక్కలు ఉన్నారు. పిల్లలే తక్కువ.

కాబట్టి మీవారి మాటకు పెద్దగా బాధపడకండి. మన దిక్కు రచ్చబండ మీద పచ్చీసు ఆడింది పెద్దమనుషులే. సెలవుల్లో అష్టాచెమ్మ గీసి చింతగింజలు పట్టుకుని ముందు కూర్చునేది అమ్మమ్మలు, పిల్లలు వెనక నుంచి వచ్చి చేరేవాళ్లు. ఆ ఆటలను ఎవరూ పోరగాళ్ల ఆటలు అనలేదు. ఫోన్‌లో కోళ్లు, ఆవులు బొమ్మల్లా కనిపిస్తాయి కాబట్టి ఇది మాత్రం చిన్నపిల్లలది అయిపోయింది.

మాది మునుగోడు దిక్కు ఊరు. మా నాయన ఒకసారి నా ఫోన్‌లోకి తొంగి చూసి, "రెండు నిమిషాలకే గోధుమ కోతకొచ్చిందా? దీంట్ల బోరు ఎండిపోదా? యూరియాకు లైన్ కట్టే పని లేదా?" అని అడిగాడు. లేదన్నాను. "ఇంకేం, ఆడుకో" అన్నాడు. రోజంతా పనిచేసి వచ్చిన మనిషికి వేసిన పంట వేసినట్టు చేతికొచ్చే పొలం ఒకటి కావాలనిపిస్తే అందులో సిగ్గుపడేదేముంది?

ఇక పైసల సంగతి. ప్లే స్టోర్‌లో 3+ అని ఉంటే మూడేళ్ల పిల్లలు చూసినా ఇబ్బంది లేదని అర్థం. ఆ రేటింగ్ బొమ్మల గురించి, మాటల గురించి, కొట్లాటల గురించి చెప్తుంది. ధర గురించి ఏమీ చెప్పదు. అసలు చూడాల్సింది ఆట వివరాల్లో కొంచెం కిందికి పోతే "యాప్‌లో కొనుగోళ్లు" అనే లైన్. ఒక్కో వస్తువు ఎంత నుంచి ఎంత వరకు అని అక్కడ రాసి ఉంటుంది. అందరూ చిన్న అంకె చూసి వదిలేస్తారు. మీరు పెద్ద అంకె చూడండి. బొమ్మ కోళ్ల ఆటలో ఒకే వస్తువు వేల రూపాయలు ఉందంటే, అంత పెట్టేవాళ్లు ఎవరో ఉన్నారని, ఆటలోని అంగడిని అలాంటివాళ్లను దృష్టిలో పెట్టుకునే కట్టారని తెలిసిపోతుంది. ఇలాంటి ఆటల్లో ఎక్కువమంది పైసా పెట్టరు. పెట్టే కొద్దిమంది మీదనే అంతా నడుస్తుంది. అందుకే చాలా ఆటల్లో ఒక్కసారి కొన్నాక ఆఫర్లు మరీ వెంటపడతాయి. మీకు రూ.89 ఆఫర్ ఊరికే కనిపించడం లేదు, మేడం.

వాళ్లు మనకు అమ్మేది టైమ్. ఇది అర్థమైతే మిగతాదంతా అర్థమైనట్టే. హే డేలో గోధుమకు 2 నిమిషాలు, మొక్కజొన్నకు 5, సోయాకు 20, చెరుకుకు అరగంట, గుమ్మడికి 3 గంటలు. మొదటి రోజుల్లో అన్నీ చకచకా అయిపోతాయి, చేతికి ఖాళీ ఉండదు. లెవెల్ పెరిగేకొద్దీ ఎదురుచూపులు పొడుగవుతాయి, ప్రతి ఎదురుచూపు పక్కన డైమండ్ గుర్తుతో ఒక బటన్ ఉంటుంది. 2012లో వచ్చిన క్యాండీ క్రష్ కూడా ఇదే దారి. అయిదు ప్రాణాలు ఇస్తారు, పోయిన ఒక్కోటి తిరిగి రావడానికి అరగంట. అయిదూ పోతే అన్నీ నిండడానికి రెండున్నర గంటలు. ఆగాలి, లేదా సోపతులను అడగాలి, లేదా కొనాలి. ఆట ఎక్కడ మంచి ఊపు మీద ఉంటుందో సరిగ్గా అక్కడే ఆపుతారు.

ఇక్కడే పెద్దవాళ్లకు ఒక సుఖం ఉంది. పదేళ్ల పిల్లకు మూడు గంటలు ఆగమంటే గోల. మనకు మూడు గంటలంటే రెండు పీరియడ్లు, ఒక ఇంటర్వెల్, ఒక స్టాఫ్ మీటింగ్. ఆట మీ టైమ్‌టేబుల్ వెనక నడవాలి. పొద్దున స్కూల్ బస్సు ఎక్కేముందు గొర్రెలకు మేత వేయండి, ఉన్ని రావడానికి 6 గంటలు పడుతుంది. పందులకు 4 గంటలు. పొలంలో గుమ్మడి వేయండి, మిషన్లలో ఎక్కువ సేపు పట్టేవి వరుసగా పెట్టండి. సాయంత్రం ఇంటికొచ్చేసరికి అన్నీ రెడీగా ఉంటాయి. గోధుమ, మొక్కజొన్న, 20 నిమిషాలకు గుడ్డు పెట్టే కోళ్లు లాంటి చిన్న పనులు చేతిలో ఫోన్ ఉన్నప్పుడే. ఇలా నడిపితే డైమండ్ బటన్ ముట్టుకునే అవసరమే రాదు. లారీకి వచ్చే ఆర్డర్లన్నీ పంపాలని కూడా లేదు, కుదరనిది చెత్తబుట్టలో వేస్తే కొంచెం సేపటికి ఇంకోటి వస్తుంది. మా హెడ్మాస్టర్ గారు ఒక్క రూపాయి పెట్టకుండా నాకన్నా పై లెవెల్లో ఉన్నారు. ఆయనకు తొందర అనేదే లేదు.

మీరు చెప్పిన లెక్క చూస్తే ఏడాదికి రూ.2,136 నుంచి రూ.3,204 దాకా అవుతోంది. తప్పని నేననను. సరదాకు పెట్టుకునే ఖర్చు ఎవరి ఇష్టం వాళ్లది. కాకపోతే "ఈ నెల ఇంత పెడతా" అని ముందే అనుకుని పెట్టారా, లేక రాత్రి పదకొండుకు నిద్రమత్తులో ఆఫర్ కనిపిస్తే నొక్కారా? మొదటిదైతే నాకు మాట్లాడే పని లేదు. మీరు రాసిన తీరు చూస్తే రెండోదే అనిపిస్తోంది.

ఆ ఆఫర్ తెర ఒకసారి తీరిగ్గా చూడండి. మధ్యలో పెద్ద పెట్టె, దాని నిండా డైమండ్లు. పైన "కొద్దిసేపే" అంటూ తిరిగే గడియారం. అసలు ధర ఎంతో చూపించి దాని మీద గీత. కొనే బటన్ పచ్చగా బొటనవేలు కిందికే వస్తుంది, మూసే గుర్తు మాత్రం పై మూలన చిన్నగా ఉంటుంది. ఆ గడియారం అయిపోయాక ఏమవుతుందో ఒక్కసారి ఆగి చూడండి. కొన్నాళ్లకు అలాంటి ఆఫరే ఇంకో పేరుతో వస్తుంది. ఇలా లేని తొందర పుట్టించడం, వద్దంటే సిగ్గుపడేలా మాటలు పెట్టడం, తెలియకుండా బిల్లులో ఏదో కలపడం లాంటి 13 రకాల మాయలను మన కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2023 నవంబర్ 30న మార్గదర్శకాలు ఇచ్చి తప్పుడు పద్ధతులుగా ప్రకటించింది. ఫిర్యాదుకు 1915 నంబర్ ఉంది. అమెరికాలో ఫోర్ట్‌నైట్ ఆట చేసిన ఎపిక్ గేమ్స్ మీద ఇలాంటి కేసే నడిచింది. బటన్లను తికమకగా పెట్టి జనం చేత కొనిపించారన్న ఆరోపణ మీద 24.5 కోట్ల డాలర్లు ఆడేవాళ్లకు తిరిగి ఇవ్వడానికి 2022 డిసెంబర్‌లో ఆ కంపెనీ ఒప్పుకుంది. అంటే పడిపోయేది మనమొక్కరమే కాదు, చదువుకున్నవాళ్లు పడరన్న గ్యారంటీ కూడా లేదు.

డైమండ్లు, జెమ్స్, గోల్డ్ బార్లు ఎందుకు పెడతారంటే అవి రూపాయల్లా అనిపించవు. దీనికి నేను చెప్పే మందు ఒక్కటే: ఏది కొనేముందైనా మనసులో రూపాయల్లోకి మార్చండి. ఉదాహరణకు 50 డైమండ్ల ప్యాక్ రూ.200 అనుకుందాం. ఒక్కోటి నాలుగు రూపాయలు. రాత్రి చెరుకు తొందరగా రావాలని 3 డైమండ్లు నొక్కితే పన్నెండు రూపాయలు, అంటే ఒక చాయ్ ఖర్చు. మరో చోట 45 డైమండ్లు అడిగితే రూ.180. అప్పుడు "బొమ్మ కంచెకు రూ.180 పెడతానా?" అని మీకు మీరే అడుగుతారు. ఇంకో తమాషా, ప్యాకులో వచ్చే అంకె, వస్తువు అడిగే అంకె సాధారణంగా కలవవు. ఎప్పుడూ కొన్ని మిగులుతాయి, ఆ మిగిలినవాటికి కొంచెం కలిపితే ఇంకోటి వస్తుందనిపిస్తుంది. మిగిలితే మిగలనివ్వండి, లెవెల్ పెరిగినప్పుడు ఊరికే వచ్చేవి వాటిల్లో చేరతాయి.

రమ్మీ లాంటిదేనా అంటే కాదు. తేడా తెలుసుకోవడం తేలిక. పైసలు ఆటలోకి పోతాయి, ఆటలోంచి మళ్లీ మన అకౌంట్‌కి వచ్చే దారి లేదు. గెలిస్తే డబ్బు వస్తుందన్న ఆశ ఇందులో లేదు. తెలంగాణలో 2017లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ లాంటివాటిని నిషేధించారు. ఆ తర్వాత 2025 ఆగస్టులో పార్లమెంటు కొత్త చట్టం చేసింది, ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పడింది. అందులో ఈ-స్పోర్ట్స్, సోషల్ గేమ్స్, మనీ గేమ్స్ అని విడదీసి, డబ్బు గెలుస్తామని డబ్బు పెట్టి ఆడే ఆటలను మాత్రం నిషేధించారు. శిక్షలు నడిపేవాళ్లకు, ప్రకటనలు ఇచ్చేవాళ్లకు, ఆడేవాళ్లకు కాదు. మీ పొలం ఆట ఆ కోవలోకి రాదు. కానీ పిల్లల బొమ్మలు వేసుకుని లోపల "విత్‌డ్రా" బటన్ పెట్టిన లూడోలు, క్యారమ్‌లు వాట్సాప్ లింకుల్లో తిరుగుతుంటాయి. విత్‌డ్రా కనిపించిందా, అది ఏ రంగులో ఉన్నా తీసేయండి. అనుమానం తీరాలంటే మీవారికి మీ ఫోన్ ఇచ్చి ఆ బటన్ వెతకమనండి.

ఒక మాట మాత్రం ఉంది. లోపల ఏముందో చెప్పకుండా పెట్టె అమ్మడం, తెరిస్తే అదృష్టం బాగుంటే మంచి వస్తువు రావడం. ఇలాంటివి జూదానికి చాలా దగ్గర. బెల్జియం 2018లో కొన్ని ఆటల్లోని ఇలాంటి పెట్టెలు జూదమేనని తేల్చింది. ఆపిల్ అయితే 2017 చివర నుంచి ఏ వస్తువు వచ్చే అవకాశం ఎంతో కొనేముందే చూపించాలని రూలు పెట్టింది. ఊరికే ఇస్తే తెరవండి. పైసలిచ్చి తెరవకండి, మీ అమ్మాయి చూస్తుండగా అసలే వద్దు.

ఇప్పుడు ఫోన్‌లో చేయాల్సిన పని. ప్లే స్టోర్‌లో పైన మీ ఫొటో నొక్కి సెట్టింగ్స్‌లోకి పోతే, కొన్న ప్రతిసారీ పాస్‌వర్డ్ లేదా వేలిముద్ర అడిగే ఆప్షన్ ఉంటుంది. అది "ప్రతిసారీ" అని పెట్టండి. వేలిముద్ర పెట్టాలంటే, మీ ఫోన్‌లో మీ అమ్మాయి వేలు కూడా ఎక్కించి ఉంటే అది తీసేయండి. ఇది చాలామంది మర్చిపోతారు, నా దగ్గరికి వచ్చే కేసుల్లో చిక్కు అక్కడే ఉంటుంది. తర్వాత పేమెంట్స్‌లో డెబిట్ కార్డు సేవ్ అయి ఉంటే తొలగించండి. యూపీఐ అయితే సాధారణంగా పిన్ అడుగుతుంది కాబట్టి కొట్టేలోపు ఒక నిమిషం ఆలోచన వస్తుంది. ప్లే స్టోర్‌లో నెల బడ్జెట్ పెట్టుకునే సౌకర్యం కూడా ఉంది, కానీ అది దాటితే చెప్తుంది తప్ప ఆపదు. దాని మీద ఆధారపడకండి. నిజంగా ఆపాలంటే నెల మొదట్లో వంద రూపాయల గూగుల్ ప్లే రీచార్జ్ కోడ్ ఒకటి వేసుకుని, మిగతా దారులన్నీ మూసేయండి. అయిపోతే వచ్చే నెలే. మీవారికి కూడా ఈ లెక్క నచ్చుతుంది.

పొరపాటున కొంటే 48 గంటల్లోపు గూగుల్ ప్లేలోనే రీఫండ్ అడగొచ్చు. అది దాటితే ఆట కంపెనీని అడగాలి. ఇచ్చినా వచ్చిన డైమండ్లు వెనక్కి తీసుకుంటారు. అన్నట్టు, నెలనెలా కట్ అయ్యే సబ్‌స్క్రిప్షన్ ఏదైనా ఉంటే ఆట డిలీట్ చేసినంత మాత్రాన ఆగదు. ప్లే స్టోర్‌లో సబ్‌స్క్రిప్షన్స్‌లోకి పోయి రద్దు చేయాలి, మీ యూపీఐ యాప్‌లో ఆటోపే కింద కూడా ఒకసారి చూడాలి. "ఫ్రీ డైమండ్లు" అని యూట్యూబ్ కింద కామెంట్లలో ఇచ్చే లింకులు, బయట దొరికే మార్చిన యాప్‌లు అసలే వద్దు. మొన్న దేవరకొండ నుంచి ఒక పిలగాడు అట్లాంటి యాప్ వేసుకుని ఫోన్ తెచ్చాడు. డైమండ్లు రాలేదు సరికదా, మెసేజ్‌లు చదివే పర్మిషన్ దానికి ఇచ్చి కూర్చున్నాడు. పైసలు పోయాయని తెలిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

పెద్దవాళ్లం పిల్లలు తిరిగే చోట ఆడుతున్నప్పుడు మన మర్యాద కూడా ఉంది. దీని గురించి ఎవరూ మాట్లాడరు. అవతలి పేరు వెనక ఎంత వయసు మనిషి ఉన్నాడో మనకు తెలియదు. అందుకని మా నైబర్‌హుడ్‌లో వయసు, ఊరు, స్కూలు, ఫోన్ నంబర్ ఎవరూ అడగకూడదు. ఎవరైనా "పర్సనల్‌గా వాట్సాప్‌కి రా" అంటే నేను వెంటనే బయటికి పంపిస్తాను. తిట్లు సరే, ఇంట్లో గొడవలు కూడా చాట్‌లో రాయొద్దంటాను, ఏడో తరగతి పిల్ల చదువుతుండొచ్చు. టీచర్ కాబట్టి మీకు ఇది కొత్త కాదు. మీ అమ్మాయికి మాత్రం మీ అకౌంట్‌లో చాట్ తెరవనివ్వకండి. పొలం పని ఇద్దరూ కలిసి చేసుకోండి, చాట్ మీది, అంగడి మీది.

డెర్బీ, అంటే నైబర్‌హుడ్‌ల మధ్య నడిచే పోటీ, దాని సంగతి చెప్పకపోతే మోసం చేసినవాణ్ని అవుతాను. పైసల కన్నా ఎక్కువ మందిని పట్టి ఉంచేది ఇదే. ప్రతి వారం టాస్కులు, జట్టు కోసం చేయాలి, చేయకపోతే పదిమందికి నష్టం. మొహమాటంతో రాత్రి పన్నెండుకు గోధుమ కోసేవాళ్లను చూశాను. మా దాంట్లో బతుకమ్మ రోజుల్లో, పరీక్షల టైమ్‌లో డెర్బీ వద్దనుకున్నవాళ్లు ప్రొఫైల్‌లో పాల్గొనడం ఆపేసుకుంటారు, ఎవరూ ఏమీ అనరు. మీ లీడర్ దానికి కోప్పడితే ఇంకో నైబర్‌హుడ్ చూసుకోండి, వేలకొద్దీ ఉన్నాయి. నోటిఫికేషన్లు పూర్తిగా ఆపేయండి. ఆవు పాలివ్వడానికి రెడీగా ఉందని ఫోన్ చెప్పక్కర్లేదు, మనం పోయినప్పుడు పిండుకుందాం. నిద్ర, వంట, పిల్లల చదువు దెబ్బతింటున్నా చేతిలోంచి ఫోన్ వదలలేకపోతుంటే అది వేరే సంగతి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. మీ ఉత్తరంలో నాకు ఆ టెన్షన్ ఏమీ కనిపించలేదు.

ఇక బార్న్. పెద్దది చేయాలంటే ప్లాంకులు, బోల్టులు, డక్ట్ టేపులు కావాలి. తక్కువైనవి డైమండ్లతో కొనమంటుంది, మీరు కొనకండి. అవి పంట కోసేటప్పుడు, పశువుల పని చేసేటప్పుడు ఊరికే పడుతుంటాయి. ఎక్కువ సార్లు కోస్తే ఎక్కువ పడతాయి, ఎక్కువ సార్లు కోయాలంటే 2 నిమిషాల గోధుమ. ఒక అరగంట తీరిగ్గా కూర్చున్న రోజు పొలమంతా గోధుమ వేసి కోయడం, మళ్లీ వేయడం, అంతే. పంటలు దాచే సైలో నిండితే రోడ్డు పక్క షాపులో 10 గోధుమలు ఒక కాయిన్‌కి పెట్టి ప్రకటన వేయండి, చిటికెలో పోతాయి. బార్న్‌లో ఇప్పుడు ఏమున్నాయో కూడా చూడండి. నా అనుమానం, కోడి దాణా, ఆవు దాణా గుట్టలు పోసి ఉంటారు. దాణా కూడా బార్న్‌లోనే చోటు తింటుంది, కావాల్సినప్పుడు చేసుకోండి. రంపాలు, గొడ్డళ్లు, డైనమైట్లు పది పదిహేను మించి ఉంటే అమ్మేయండి. పొలం విస్తరణకు వాడే కాగితాలు, సుత్తులు, గూటాలు ఇప్పుడు అక్కర్లేకపోతే అవి కూడా. ప్లాంకులు ఎక్కువున్నవాళ్లు, టేపులు ఎక్కువున్నవాళ్లు ప్రతి నైబర్‌హుడ్‌లో ఉంటారు. మీ దగ్గర మిగిలింది ఏదో, కావాల్సింది ఏదో చాట్‌లో రాయండి. రెండు మూడు రోజుల్లో సరిపోను వస్తాయి, రాకపోతే ఏవి తక్కువ పడ్డాయో ఇక్కడే రాయండి, మా వాళ్లను అడిగి చూస్తాను.